జపాన్ కారు పాట

తిప్పమ్మ గొర్రెలు తిప్పమ్మ పాటకే కదులుతాయి. మీరు పిలవండి, నేను పిలుస్తాను, కలెక్టరుగారే వచ్చి పిలవనీండి, తల కూడా ఎత్తవు. ఇదేదో మంత్రం అనుకునేరు. మంత్రమూ లేదు, తంత్రమూ లేదు. బెళుగుప్ప చుట్టుపక్కల గొర్రెలు కాచే ప్రతి ఇంట్లోనూ ఉన్న పద్ధతే ఇది. ఎరువు కోసం రైతులు తమ చేలలో మందలు నిలపమంటారు. మూడు నాలుగు ఇళ్ల మందలు ఒకే చేలో కలిసి పడుకుంటాయి. తెల్లారి లేచాక వాటిని చేత్తో పట్టి విడదీయడం ఎవరి తరం? అందుకని ఒక్కో ఇంటి ఆడమనిషి ఒక్కో గట్టెక్కి తన ఇంటి పాట ఎత్తుకుంటుంది. ఏ పాట ఎటు వినిపిస్తే ఆ ఇంటి గొర్రెలు అటు నడుస్తాయి. కాసేపట్లో చేను ఖాళీ అయిపోతుంది.

తిప్పమ్మకు ఆ పాట అత్త చౌడమ్మ నేర్పింది. చౌడమ్మకు ఆమె అత్త నేర్పింది. కొత్త కోడలు కాపురానికొస్తే ఎవరైనా ముందు పొయ్యి చూపిస్తారు. చౌడమ్మ మాత్రం గట్టు మీదికి తీసుకుపోయి పాట చెప్పింది.

"బా బా నా బూదమ్మా, బా నా కర్రెమ్మా,
చెలిమెలో నీళ్లూరె, చల్లంగ బా..."

ఇంతే పాట. బా అంటే కన్నడంలో రమ్మని. బూదమ్మ బూడిదరంగు గొర్రె, కర్రెమ్మ నల్లది. వంకలో ఇసుక తవ్వితే నీళ్లూరే గుంట చెలిమె. ఎండాకాలంలో తిప్పమ్మ ఈ పాట ఎత్తుకుందంటే నీళ్లు దొరికాయన్నమాట. ఆ సంగతి బసప్ప కంటే గొర్రెలకే బాగా తెలుసు. బసప్ప ఆమె మొగుడు. పొడుగాటి మనిషి, మాట తక్కువ, మంద తప్ప వేరే లోకం లేదు. వాళ్లకు పిల్లలు లేరు. ఎవరైనా అయ్యో పాపం అంటే, "ఇన్ని ఉండాయి కదప్పా" అని మందను చూపించేవాడు. తమాషాకు అనేవాడు కాదు, నిజంగానే అనేవాడు.

అట్లాంటి పాట పోయి జపాన్ కారెక్కి కూర్చుంది. ఎట్లా ఎక్కిందో చెప్తాను.

తిప్పమ్మ ఊళ్లోనే దివాకర్ అని పెద్ద రైతు. భూములున్నాయి, కళ్యాణదుర్గంలో శనక్కాయల వ్యాపారముంది, పార్టీలో పలుకుబడి ఉంది. మంచివాడే, అందులో అబద్ధం లేదు. కాకపోతే ఎవరికైనా మేలు చేస్తున్నానని తోస్తే చాలు, ఇంక వెనకా ముందూ చూసుకోడు. ఆయన భార్య వనజాక్షి తమ్ముడు శ్రీకాంత్ బెంగళూరులో ప్రకటనలకు సంగీతం కట్టే పని చేస్తాడు. ఒకసారి అక్క ఇంటికొచ్చి, పొద్దున్నే మేడ మీద పళ్లు తోముకుంటుంటే తిప్పమ్మ పాట చెవిన పడింది. నోట్లో నురగతోనే కిందికి పరుగెత్తుకొచ్చాడట.

మధ్యాహ్నానికి బావను వెంటబెట్టుకుని తిప్పమ్మ ఇంటి ముందు దిగాడు, పాట రికార్డు చేసుకునేదానికి చేతిలో మైకుతో. అప్పటికి బసప్ప మందను తోలుకుని గుట్ట అవతల ఉన్నాడు. తిప్పమ్మ ముందు పెళ్లి పాట పాడింది. అది కాదన్నాడు. నలుగు పాట పాడింది. అదీ కాదన్నాడు.

"పొద్దున గొర్రెల్ని పిలిచినావు చూడు, అది పాడమ్మా" అన్నాడు శ్రీకాంత్.

"అది పాట కాదు సామీ, పిలుపు. పిలిస్తే అవి వస్తాయి. వచ్చినాక నీళ్లు సూపియ్యకుంటే యట్ల?"

దివాకర్ పకపకా నవ్వాడు. "మంద గుట్టవతల ఉండాది కదా తిప్పమ్మా. ఈడ నువ్వు పాడితే ఇనేదెవరు?"

తిప్పమ్మ గాలి ఎటు వీస్తోందో చూసింది. గుట్ట వైపు నుంచి ఇటే వీస్తోంది. ఇక్కడి గొంతు అక్కడికి పోదు. పిలుపు గాలి మోసినంత దూరమే పోతుందని ఆమె లెక్క. పుట్టి బుద్ధెరిగాక ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు, ఆమెను మాత్రం ఏమనగలం? కళ్లు మూసుకుని, మంద ఎదురుగా ఉన్నట్టే గొంతెత్తి పిలిచింది.

సాయంత్రం బసప్పకు చెబితే మొహం మాడ్చుకున్నాడు. "దాన్ని ఏమిటికి ఇస్తివే?"

"ఇచ్చేసేదానికి అదేమన్నా చెంబా? నా గొంతు నా కాడే ఉండాది కదప్పా" అంది తిప్పమ్మ. అంతటితో ఆ మాట ముగిసిపోయింది.

మరుసటేడు ముంగారు, అదే తొలకరి, వానలు ఎగ్గొట్టిన రోజుల్లో పాట బయటికొచ్చింది. శ్రీకాంత్ దాన్ని ఒక జపాన్ కారు ప్రకటనకు కట్టాడు. ముందు జపాన్‌లోనే వచ్చిందట. ఆ దేశంలో కారు ప్రకటన కోసం కట్టిన పాట జనం నోళ్లలో పడి ఊరూరా తిరగడం మామూలేనట. తెల్ల కారొకటి ఎర్రటి నేల మీద దుమ్ము లేపుకుంటూ పోతుంటుంది. వెనక డప్పులు, గిటార్లు, వాటి నడుమ తిప్పమ్మ గొంతు. చివరికి కారు పోయి ఒక చెరువు గట్టున ఆగుతుంది. నిండు చెరువు! ఏ దేశం చెరువో ఏమో, మన జిల్లాదైతే కాదు. జపాన్ బడిపిల్లలు వరసగా నిలబడి, చప్పట్లు కొడుతూ "బా బా" అని పాడే వీడియో కూడా శ్రీకాంత్ పంపాడు. దివాకర్ తన ఫోనులో చూపిస్తే తిప్పమ్మ చాలాసేపు చూసింది.

"ఈ పిల్లోళ్లు గొర్రెలు కాస్తారా సామీ?"

"కాయరు. బడికి పోతారు."

"మరి ఎవుర్ని పిలుస్తాండారు?"

చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు.

జపాన్‌లో మోగింది ఇక్కడ మోగకుండా ఉంటుందా? కళ్యాణదుర్గం నుంచి వచ్చే షేర్ ఆటోల్లో అదే పాట. పెళ్లి ఊరేగింపుల్లో అదే. ఫోను మోగితే అదే. పాల వ్యాను వెనక్కి పోతుంటే కూడా కుయ్ కుయ్ అనడం మానేసి "బా బా" అనడం మొదలుపెట్టింది. మండలాఫీసు దగ్గర సభ పెట్టి తిప్పమ్మకు శాలువా కప్పారు, గోడ గడియారం చేతిలో పెట్టారు. జపాన్ తిప్పమ్మ అని పేరు పెట్టారు. ఆమెకు సంతోషంగానే ఉండింది. ఎందుకు ఉండకూడదు? ఎండల్లో అరిచి అరిచి బొంగురుపోయిన గొంతును లోకం మెచ్చుకుంటే ఎవరికి చేదు?

ఆ సంతోషం ఎండాకాలం దాకా నిలిచింది. ఒకరోజు దాహంతో ఉన్న మంద బాట పక్కన మేస్తుంటే పాట పెట్టుకుని ఆటో ఒకటి పోయింది. మంద మందంతా తలలెత్తి ఆటో వెంటబడింది. ఆటోలోని జనం ఫోన్లు తీసి వీడియోలు పట్టారు, కడుపులు పట్టుకుని నవ్వారు. బసప్ప రొప్పుకుంటూ పోయేసరికి పక్క ఊరి కూడలిలో ఆగిన ఆటో చుట్టూ గొర్రెలు నాలుకలు చాపుకుని నిలబడి ఉన్నాయి. ఒకటి పోయి ఆటో టైరును నాకుతోంది. బసప్ప వాటిని మళ్లించుకుని వచ్చాడు. ఇంటికొచ్చి ముద్ద ముట్టలేదు.

"నీళ్లనుకుని ఉరికినాయే" అన్నాడు. "నువ్వే పిలిచినావనుకున్యాయి."

తిప్పమ్మ లేచి శాలువాను పెట్టె అడుగున పడేసింది. కొత్త పాట నేర్పుదామని చూసింది కానీ, పాలు తాగే పిల్లలకు తప్ప ఈనిన గొర్రెలకు కొత్త పాట ఎక్కదు. అప్పటి నుంచి మొగుడూ పెళ్లాలు మందను బాటల దరిదాపులకు రానివ్వడం మానేశారు. పెళ్లి బాజా వినిపిస్తే గుట్ట దాటించేవాళ్లు. ఆటో చప్పుడైతే అవతలికి తోలేవాళ్లు. పాపం, ఏదో దొంగ సొత్తు కాపలా కాసినట్టు తమ మందను తాము దాచుకుంటూ తిరిగారు.

ఈ ఏడు వచ్చిన కరువు ముందు అవన్నీ ఆటలే. వానల్లేవు సరే, ఉన్న బోర్లు గాలి కక్కాయి. వంకలో నిలువెత్తు తవ్వినా చెలిమె ఊరలేదు. ఎండు కంపను కొరికి కొరికి గొర్రెల మూతులు పుండ్లు పడ్డాయి. పడుకున్న గొర్రె లేవకపోతే బసప్ప దాని పక్కన కూర్చుని తన కడవలో నీళ్లు కొంచెం తాపి, చెవులు నిమిరి లేపేవాడు. కొన్ని లేచేవి, కొన్ని లేవలేదు. విడపనకల్లు వైపు పెద్ద కాలవలో నీళ్లు వదిలారని కబురు తెలిసింది. అక్కడికి చేరితే మంద బతుకుతుంది. చేరకపోతే లేదు. నడుమ బళ్లారి రోడ్డు దాటాలి, అదొక్కటే గండం. గనుల నుంచి ఇనుప రాయి వేసుకుని లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు పోయే రోడ్డది.

చిన్నగా నడిపించుకుంటూ రోడ్డు దగ్గరికొచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. గాలిమరలు తిరగకుండా నిలబడి ఉన్నాయి. రోడ్డుకు కాస్త ఎడంగా మందను ఆపాడు బసప్ప.

"నేను రోడ్డు నడుమ నిలబడి తువ్వాల ఊపుతా. లారీలు ఆగినాక నువ్వు ఎనక నుంచి తోలు. నోరు మాత్రం తెరవాకు."

"తెరవన్లేప్పా."

"కాలవ కనపడినాక పిలుద్దువు. అప్పుడు నీ ఇష్టం, గొంతు పగిలేదాకా పిలువు."

బసప్ప నవ్వడం చూసి ఎన్నాళ్లయిందో. తిప్పమ్మ కూడా నవ్వింది. దారి పొడుగునా ఆమె అనుకుంటున్నదీ అదే. కాలవ గట్టెక్కాలి, నీళ్లు చూడాలి, చాలా కాలానికి ఒక నిజమైన పిలుపు పిలవాలి. తలుచుకుంటేనే గొంతులో పాట కదులుతోంది.

బసప్ప తువ్వాల విప్పి రోడ్డు వైపు అడుగు వేశాడో లేదో, బళ్లారిలో పెళ్లి చూసుకుని తిరిగొస్తున్న తెల్ల కారొకటి అవతలి వైపు వచ్చి ఆగింది. దివాకర్ కారు, పక్క సీట్లో వనజాక్షి. మన తిప్పమ్మ పాట కారు మనం కొనకపోతే ఎట్లా అని పట్టుబట్టి ఆ జపాన్ కారే కొన్నాడు మహానుభావుడు. అద్దం దించి, తల బయటపెట్టి, మొహమంతా నవ్వు చేసుకుని కేకేశాడు.

"ఓ జపాన్ తిప్పమ్మా! యాడికి పోతాండారు ఈ ఎండలో?"

"కాలవకప్పా. నువ్వు పోప్పా, పో!" బసప్ప తువ్వాలతో పొమ్మని సైగ చేశాడు.

"పోతాలే! నీ పెండ్లాం పాట నా బండిలో ఎట్ల మోగుతాదో ఎప్పుడన్నా ఇనిందా ఆ యమ్మ? ఇననీ!"

"వద్దు సామీ! ఎయ్యాకు! నీకు దండం పెడతా, ఎయ్యాకు!" తిప్పమ్మ అరిచింది. సరిగ్గా అప్పుడే ఒక బస్సు హారను కొట్టుకుంటూ నడుమ పోయింది. ఆమె అరుపు ఆ చప్పుడులో కొట్టుకుపోయింది. చేతులు జోడించడం మాత్రం దివాకర్‌కు కనిపించింది. సంతోషం పట్టలేక దండం పెడుతోందనుకున్నాడు. బాగా వినపడాలని కారు దిగి నాలుగు తలుపులూ బార్లా తెరిచాడు.

"బా బా నా బూదమ్మా..."

డప్పులు లేచాయి. మంద మొత్తం ఒక్కసారి తలెత్తింది. ఇక ఆగుతాయా? కాళ్లీడ్చుకుంటూ వచ్చిన గొర్రెలు, పొద్దుటి నుంచి మూడుసార్లు కూలబడిన గొర్రెలు, ఎక్కడి నుంచి వచ్చిందో అంత సత్తువ, తిప్పమ్మను తోసుకుంటూ, బసప్పను దాటుకుంటూ రోడ్డెక్కాయి. ముందున్న పొట్టేళ్లు అవతలి వైపుకు చేరి కారు చుట్టూ మూగాయి. మిగిలిన మంద రోడ్డు నడుమకొచ్చేసరికి బళ్లారి వైపు నుంచి లారీ కనిపించింది. నిండు లోడు. ఆగే వేగం కాదది.

బసప్ప వాటి నడుమకు ఉరికాడు. తువ్వాల ఎత్తి ఒక చేత్తో లారీకి ఊపుతూ, ఇంకో చేత్తో దొరికిన గొర్రెనల్లా వెనక్కి నెడుతున్నాడు.

"పిలువే! తిప్పీ, ఎనక్కి పిలువు! పిలువు!"

తిప్పమ్మ పిలిచింది. నోరు తెరవనని చెప్పిన మాట ఎక్కడిది, ఒప్పందం ఎక్కడిది, ప్రాణం గొంతులోకి తెచ్చుకుని పిలిచింది.

"బా బా నా బూదమ్మా, బా నా కర్రెమ్మా..."

గొర్రెలు ఆగాయి. రోడ్డు నడుమ ఆగిపోయాయి. ఇటు నుంచి అదే పాట, అటు నుంచి అదే పాట, రెండు వైపులా ఒకటే గొంతు. తలలు ఇటు తిప్పాయి, అటు తిప్పాయి, ఒక్క అడుగు వెయ్యలేదు. గొర్రెలను తప్పుపట్టకండి. తల్లి రెండు వాకిళ్లలో నిలబడి పిలిస్తే బిడ్డ ఏ వాకిట్లోకి పోవాలి? తిప్పమ్మకు అర్థమై నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేసరికి ఆలస్యమైపోయింది. బసప్ప మాత్రం పక్కకు దూకలేదు. దూకడానికి వేళ ఉండింది. బూడిదరంగు గొర్రెను నడుము పట్టి ఎత్తుతూ ఉండిపోయాడు.

లారీ చాలా దూరం పోయి ఆగింది. వెనక రోడ్డంతా ఉన్ని, నెత్తురు. కారులో పాట మోగుతూనే ఉంది. దివాకర్ గొర్రెలను తోసుకుంటూ కారులోకి దూరి, ముందున్న తెర మీద ఎక్కడెక్కడో నొక్కుతున్నాడు. ఎంత నొక్కినా గొంతు పెరుగుతోందే కానీ తగ్గడం లేదు. చివరికి ఇంజనే ఆపేశాడు. అప్పుడు దెబ్బ తగిలిన గొర్రెల అరుపులు వినిపించాయి.

"దేవుడా, నేను చేస్తిని, నేనే చేస్తిని" అని తల బాదుకుంటూ వచ్చి బసప్పను ఎత్తుకున్నాడు దివాకర్. లారీ డ్రైవరు పరుగెత్తుకొచ్చి కాళ్ల వైపు పట్టి సాయం చేశాడు. వనజాక్షి పెళ్లికి కట్టిన పట్టుచీర కొంగు నడుముకు చెక్కుకుని, మిగిలిన గొర్రెలను రోడ్డు మీదికి రానివ్వకుండా చేతులు బార్లా చాపి అడ్డం నిలబడింది. "మీరు పోండి, ఈట్ని నేను చూసుకుంటా, పోండి!" అని అరిచింది. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి.

కారు వెనక సీట్లో తిప్పమ్మ ఒళ్లో బసప్ప తల. చెవిలోంచి నెత్తురు ఆమె చీర తడిపేస్తోంది. దివాకర్ బటన్ నొక్కగానే ఇంజనుతో పాటు పాట కూడా ఆగిన చోటి నుంచే మొదలైంది. "చెలిమెలో నీళ్లూరె..." దివాకర్ పిడికిలితో ఆ తెర మీద గుద్దాడు. అద్దం పగిలి పాట ఆగిపోయింది.

బసప్ప కళ్లు తెరిచాడు.

"ఏమిటికి ఆపితివే?"

తిప్పమ్మ కొంగుతో అతని చెవి తుడిచింది.

"కాలవ వచ్చిందా?"

ఆమె కిటికీలోంచి చూసింది. బీడు, బీడు, గాలిమరలు, మళ్లీ బీడు.

"వచ్చిందప్పా" అంది.

"అన్నీ దిగినాయా?"

"దిగినాయి. తాగతాండాయి."

"కడుపు నిండా తాగనీ. మళ్లీ తోలాకు వాటిని." బసప్ప ఊపిరి కోసం పెనుగులాడాడు. "ఎనకబడినవి ఉంటాయి, సూడు. పిలువు తిప్పీ."

తిప్పమ్మ నోరు తెరిచింది. పాట వచ్చింది. కాలవ గట్టు మీద పిలవాలని దారంతా దాచుకున్న గొంతు అది, అట్లాగే పిలిచింది. బసప్ప మొహంలో నొప్పి సడలింది. పిలుపు చెవిన పడిన గొర్రెలాగే, తల కొంచెం అటు తిప్పాడు.

"ఇంక సాలు తిప్పమ్మా" అని దివాకర్ ఏడుస్తూ బతిమాలాడు. "నీ కాళ్లు పట్టుకుంటా, నా వల్ల కాదు, ఆపు తల్లీ."

ఆమె ఆపలేదు. కారు ఉరవకొండ ఆసుపత్రి వాకిట్లోకి వచ్చి నిలబడింది. జపాన్ కారులోంచి జపాన్ కారు పాట వినిపించేసరికి చెట్టుకింద కూర్చున్నవాళ్లు నవ్వుతూ లేచి చూశారు. నర్సు వచ్చి తలుపు తీసి బసప్ప మెడ మీద వేళ్లు పెట్టింది. అతని రెప్పలు పైకెత్తి చూసింది.

"పోయి చానాసేపయింది కదమ్మా" అంది. తిప్పమ్మ ఇంకా పిలుస్తూనే ఉంది.